కపిలతీర్థం రీల్‌కు లక్ష, నిప్పట్లకు మూడొందలు

ప్రశ్న: నమస్కారం సార్. మాది తిరుపతి, కొర్లగుంట. మా అత్తగారు, నేను కలిసి ఇంట్లోనే నిప్పట్లు (చెక్కలు), మురుకులు, కజ్జికాయలు, చెనక్కాయల పొడి చేసి అమ్ముతాం. ఖర్చులు పోను కిలోకు 80 రూపాయలు మిగులుతుంది. సెప్టెంబరులో ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టాను. సంక్రాంతి దాకా 41 రీల్స్ చేశాను. ఒక్కోదానికి మూడు గంటలు పడుతుంది. మామూలుగా మూడు నాలుగొందల వ్యూస్ వస్తాయి. కార్తీకంలో వానలు పడి కపిలతీర్థంలో జలపాతం దూకుతుంటే ఊరికే తీసి పెట్టాను, దానికి 1,12,000 వచ్చాయి! ఇప్పుడు 860 మంది ఫాలోయర్లున్నారు. ఫోన్లో చూసి కొన్నామని చెప్పినవాళ్లు గుర్తున్నంతవరకు 19 మంది. సంక్రాంతికి ఆర్డర్లు బాగా వచ్చాయి గానీ అది రీల్స్ వల్లనో పండగ వల్లనో తెలీదు. ఇన్‌సైట్స్ నొక్కితే ఏవేవో అంకెలు వస్తాయి, ఏది చూడాలో అర్థం కాదు. స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. ‘పొయ్యి దగ్గర ఉండాల్సిన టైమంతా ఫోన్లో పోతోంది’ అని మా ఆయన అంటున్నారు. నేను చేసేది పనిచేస్తోందా లేదా ఎలా తెలుసుకోవాలి? రీల్ ఏ టైముకు పెడితే మంచిది?

— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం, స్క్రీన్‌షాట్లు రెండుసార్లు చూశాను. లక్షా పన్నెండు వేల వ్యూస్‌ను ఇన్‌స్టాగ్రామ్ శ్రద్ధగా లెక్కపెట్టి పెట్టింది. కొన్న పంతొమ్మిది మంది దగ్గరికి వచ్చేసరికి మీరు ‘గుర్తున్నంతవరకు’ అని రాశారు. మీ చిక్కంతా నాకు ఆ ఒక్క మాటలోనే కనిపించింది. ఫోను లెక్కపెట్టాల్సింది అది పెడుతూనే ఉంది. మనం లెక్కపెట్టాల్సిందే ఎవరూ పట్టించుకోలేదు.

ఈ తప్పు నేనూ చేశాను. కొన్నేళ్ల కింద చిత్తూరులో ఒక చీరల అంగడి పేజీ నడిపేవాణ్ణి. మొదటి నెల అయిపోగానే రంగురంగుల గ్రాఫులతో పది పేజీల రిపోర్టు ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ కూడా చేయించి పట్టుకుపోయాను. ఓనరు పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చివరిదాకా తిప్పి చూశాడు. ‘బాగుందప్పా, చీర కొన్నోళ్లు ఏ పేజీలో ఉండారు?’ అన్నాడు. నా రిపోర్టులో ఆ పేజీ లేదు.

మరుసటి వారం పోయేసరికి గల్లాపెట్టె పక్కన రెండు ఖాళీ గాజు సీసాలు, ఒక చాటలో చింతగింజలు కనిపించాయి. బిల్లు వేసేటప్పుడు కుర్రాడు ‘మా అంగడి మీకెట్లా తెలిసిందమ్మా?’ అని ఒక్క ముక్క అడుగుతాడు. ‘ఫోన్లో చూసినాం’ అంటే ఎడమ సీసాలో ఒక గింజ. ఇంకేం చెప్పినా కుడి సీసాలో. నెలాఖరు రాత్రి షట్టర్ సగం దించి గింజలు నేలమీద పోసి లెక్కపెట్టాం. కుడి సీసాలో మూడొందల పైచిలుకు, ఎడమ సీసాలో ఇరవై మూడు. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దాయన మాత్రం ఆ ఇరవై మూడు మందీ ఏ వీడియో చూసి వచ్చారని కుర్రాణ్ణి అడిగాడు. ఎక్కువ మంది ఒకే వీడియో గురించి చెప్పారట. వెంకటగిరి చీరను తిరగేసి, బుట్టా వెనకవైపు దారాలు ఎలా ఉంటాయో అంగట్లో పాత సేల్స్‌మన్ చూపించిన నలభై సెకన్ల వీడియో అది. నా రిపోర్టులో వ్యూస్ వరసన చూస్తే అది పదకొండో స్థానంలో ఉంది. దాని గురించి నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు.

మీకూ రెండు డబ్బాలు కావాలి. వాటి సంగతి తర్వాత చెబుతాను, ముందు మీ జలపాతం సంగతి చూద్దాం.

గోవిందరాజస్వామి గుడి వీధుల్లో బ్రహ్మోత్సవాలప్పుడు వాహనం వస్తుంటే అంగళ్ల ముందు జనం ఎలా కిక్కిరిసిపోతారో మీకు తెలుసు. ఆ అరగంటలో ఒక్కో అంగడి ముందు వేలమంది నిలబడతారు. లోపల కూర్చున్న అంగడాయనకు మాత్రం బేరం ఉండదు, అందరి చూపూ వాహనం మీదే. మీ కపిలతీర్థం రీల్ అలాంటి ఊరేగింపు. మీ అంగడి ముందునుంచే పోయింది గానీ జనం చూసింది నీళ్లను. మీరు తిరుపతి విశేషాలు చూపించే పేజీ నడపాలనుకుంటే అది గొప్ప విజయం, అలాంటివే ఇంకో పది తీయమని చెప్పేవాణ్ణి. మీరు అమ్మేది నిప్పట్లు. కాబట్టి ‘పనిచేస్తోందా’ అని అడిగే ముందు ‘ఏ పని?’ అని అడగాలి. మీ పేజీ చేయాల్సిన పని కొత్తవాళ్లతో ఒక కిలో కొనిపించడం, కొన్నవాళ్లతో మళ్లీ కొనిపించడం. దీనికి దగ్గరగా ఉన్న అంకెలే మనకు కావాలి, మిగతావి పక్కన పెట్టేయొచ్చు.

ఇది ఊహతో చెబుతున్న మాట కాదు, మీ స్క్రీన్‌షాట్లలోనే ఉంది. జలపాతం రీల్ చేరిన అకౌంట్లు 88,000. అందులో మీ ప్రొఫైల్ తెరిచి చూసినవాళ్లు 210 మంది. అంటే వెయ్యిమందిలో ఇద్దరు ముగ్గురు. అక్టోబరులో మీ అత్తగారు నిప్పట్లు తట్టే రీల్ పెట్టారే, అది చేరింది 340 మందికే, వాళ్లలో ప్రొఫైల్ తెరిచినవాళ్లు 17 మంది. వెయ్యికి లెక్కేస్తే యాభై. మనిషికి మనిషిని పోలిస్తే అత్తగారి రీల్ జలపాతం కన్నా ఇరవై రెట్లు గట్టిగా పనిచేసింది. మీరేమో దాన్ని ‘ఆడలేదు’ అనే జాబితాలో వేశారు.

కామెంట్లు చూసినా అదే తీరు. జలపాతం కింద ‘లోపలికి వదులుతున్నారా?’, ‘పార్కింగ్ ఎక్కడ?’ అని అడిగారు. నిప్పట్ల కింద ‘కిలో ఎంత?’, ‘బెంగళూరుకు పంపుతారా?’, ‘నువ్వులు వేస్తారా అక్కా?’ అని. ఇక్కడ చిన్న చీవాట్లు పెట్టక తప్పదు. ‘కిలో ఎంత?’ అని ఆరుగురు అడిగితే ఆరుగురికీ ‘మెసేజ్ చేయండి’ అని జవాబిచ్చారు. ఎందుకమ్మా? అంగడికొచ్చి ధర అడిగినవాళ్లను వెనక సందులోకి రమ్మంటామా? ఒకే ప్రశ్న ఆరుసార్లు వచ్చిందంటే ఆ జవాబు రీల్‌లోనే లేదని అర్థం. ధర వీడియో మీదే రాసేయండి. కామెంట్లను సంఖ్యగా చూడకండి, చదవండి. తర్వాతి నాలుగు రీల్స్‌కు సరుకు వాటిలోనే ఉంది.

ఇక ఇన్‌సైట్స్‌లో కనిపించే మాటలకు వద్దాం. అన్నీ నేర్చుకోనక్కర్లేదు.

వ్యూస్ అంటే వీడియో ఎన్నిసార్లు ఆడింది అని. ఒకే మనిషి నాలుగుసార్లు చూస్తే నాలుగు. రీచ్ అంటే ఎన్ని వేరువేరు అకౌంట్లకు చేరింది అని. 2024 నుంచి ఇన్‌స్టాగ్రామ్ అన్ని రకాల పోస్టులకూ వ్యూస్‌నే ప్రధానమైన అంకెగా పెద్దక్షరాల్లో చూపిస్తోంది, అందుకే మన కళ్లు ముందు దానిమీదే పడతాయి. రేపు ఇవే వీడియోలు యూట్యూబ్ షార్ట్స్‌లో కూడా పెట్టాలనుకుంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 2025 మార్చి 31 నుంచి అక్కడ షార్ట్ ఆడటం మొదలైతే చాలు, వ్యూ కింద లెక్క. ఎంతసేపు చూశారన్నదానితో పని లేదు. వేలితో పైకి తోసేసినవాడు కూడా అందులో ఉంటాడు. ఒక చోట మూడొందలు, ఇంకో చోట తొమ్మిదొందలు వచ్చాయని రెండోది మేలని అనుకోవడానికి లేదు.

లైకులు సంతోషానికి మంచివే. మీ 860 మందిలో చుట్టాలు, కాలేజీ స్నేహితులు, వీధిలోవాళ్లు ఎంతమంది? వాళ్లు మీ ముఖం చూసి లైక్ కొడతారు. సేవ్ చేసుకున్నవాళ్లు, ఇంకొకరికి పంపినవాళ్లు వేరే రకం. పండగకు ముందు ఆర్డర్ పెట్టాలనుకున్నవాళ్లు సేవ్ చేసుకుంటారు. ‘చూడవే, మన అమ్మమ్మ చేసినట్టే ఉన్నాయి’ అని అక్క చెల్లెలికి పంపుతుంది. కొత్తవాళ్లకు వీడియోను చూపించాలా వద్దా అని తేల్చుకోవడంలో ఎంతసేపు చూశారు, చేరినవాళ్లలో ఎంతమంది లైక్ చేశారు, ఎంతమంది ఇతరులకు పంపారు అనే మూడింటికీ ఎక్కువ బరువు ఉంటుందని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడం మొస్సేరి 2025 మొదట్లో చెప్పారు. ఆయన మాటలో ‘చేరినవాళ్లలో’ అన్న ముక్కను పట్టుకోండి. మొత్తం ఎన్ని అని చూస్తే పెద్ద రీల్ ఎప్పుడూ గెలుస్తుంది. చేరినవాళ్లలో ఎందరు అని భాగిస్తేనే చిన్న రీల్ సత్తా బయటపడుతుంది. పైన వెయ్యికి ఇంత అని నేను వేసిన లెక్క అదే.

జలపాతం రీల్‌ను కూడా బోలెడుమంది ఇతరులకు పంపారు, అందుకే అది అంతదూరం పోయింది. పంపారు కాబట్టి మంచి రీల్ అనుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. పంపినప్పుడు పక్కన ఏం రాసి ఉంటారు? ‘నీళ్లు వస్తున్నాయట, ఆదివారం పోదాం’ అని రాసి ఉంటారు. నిప్పట్లు తినాలని ఎవరూ రాసి ఉండరు. కాబట్టి పంపిన లెక్కను ఎప్పుడూ ప్రొఫైల్ తెరిచినవాళ్ల లెక్కతో జతచేసి చూడండి. రెండూ కలిసి పెరిగితే అది మీ సరుకు గొప్ప. ఒకటే పెరిగితే ఊరేగింపు.

ఎంతసేపు చూశారన్నదాని దగ్గర కొంచెం ఆగాలి. కొత్తవాళ్లకు చేతిలో ఉన్న పనిముట్లలో అన్నిటికన్నా పదునైనది ఇదే. అత్తగారి రీల్ మొత్తం 38 సెకన్లు. సగటున చూసింది ఏడు సెకన్లు. దాని కింద ఉండే గీతను చూశారా? కొండ దిగే దారిలా, ఎక్కడెక్కడ జనం జారిపోయారో అది చూపిస్తుంది. మీ రీల్‌లో మూడో సెకను దగ్గరే గీత నిట్టనిలువుగా పడిపోయింది. ఆ మూడు సెకన్లలో ఏముందా అని వీడియో పెట్టి చూశాను. మీ పేజీ పేరు తిరుగుతూ వచ్చే బొమ్మ, తర్వాత మీరు ‘హాయ్ ఫ్రెండ్స్, అందరూ ఎలా ఉన్నారు’ అంటారు, తర్వాత బియ్యప్పిండి జల్లించడం. అత్తగారు తడిగుడ్డ మీద ఉండ పెట్టి మూడు వేళ్లతో టపటపా తట్టేది పదహారో సెకనులో. వేగిన నిప్పట్టును ఫోను దగ్గర పెట్టి విరిచే చప్పుడు ఇరవై ఒకటో సెకనులో. ఆ చప్పుడు వినగానే నాకు నోరూరింది, అబద్ధం చెప్పను. గీతలో కూడా అక్కడ చిన్న మిట్ట ఉంది, అంటే కొందరు వెనక్కి జరిపి మళ్లీ చూశారు. మీ వీడియోలో ఉన్న బంగారమంతా అక్కడ పెట్టి, ముందు పిండి జల్లెడ చూపించారు!

ఈ వారం కొత్తగా ఏమీ తీయకండి. అదే వీడియోను కత్తిరించి, విరిచే చప్పుడుతో మొదలుపెట్టి, తట్టడం, నూనెలో వేయడం, ధర, ఫోన్లో ఆర్డర్ పెట్టే తీరు చూపించి పదిహేను సెకన్లలో ముగించండి. పేరు తిరిగే బొమ్మ తీసేయండి. పాతదానికి సగటు ఏడు సెకన్లు, కొత్తదానికి ఎంత వస్తుందో చూద్దాం. కొలవడం అంటే ఇదే. ఒక అనుమానం, ఒక మార్పు, ముందూ వెనకా ఒకే అంకె.

ఒక్క మార్పే అని ఎందుకంటున్నానంటే, చిత్తూరు అంగడి పేజీకే ఒక వారం పాట మార్చాను, పెట్టే టైము మార్చాను, వీడియో మొదట్లో పెద్దక్షరాలు పెట్టాను. రీచ్ రెట్టింపైంది. మీసం తిప్పుకుంటూ పెద్దాయనకు చెప్పాను. అది నడివీధి గంగమ్మ జాతర ముందు వారమని ఆయన గుర్తుచేశాడు. పాట వల్లనా, టైము వల్లనా, అక్షరాల వల్లనా, అమ్మవారి వల్లనా? ఈరోజుకూ నాకు తెలీదు.

అంకెల్లో ఇంకొక మోసం ఉంది, సగటు. మీ రీల్స్‌లో నవంబరువి ఏడు తీసుకున్నాను. 310, 420, 380, 1,12,000, 290, 510, 450. సగటు వేస్తే పదహారు వేల పైన వస్తుంది. మీ రీల్స్‌లో ఒక్కటైనా పదహారు వేల దగ్గరికి వచ్చిందా? లేదు. అదే ఏడింటినీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాసి నడిమి అంకె చూడండి, 420. మీ పేజీ నిజమైన స్థాయి అది. వచ్చే నెల నడిమి అంకె 420 నుంచి 550 అయితే మీరు పైకి పోతున్నట్టే, ఏ రీలూ లక్ష కొట్టకపోయినా సరే. పక్కింటావిడ పేజీతో, హైదరాబాదు వంటల చానెళ్లతో పోల్చుకోకండి. వాళ్లు మొదలుపెట్టి ఎన్నేళ్లయిందో, యాడ్స్‌కు ఎంత పోస్తున్నారో మనకు తెలీదు. మీ పోయిన నెలతోనే మీకు పోటీ.

ఇప్పుడు డబ్బాల సంగతి.

మీ ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే కదా వస్తాయి. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే, నంబరు అదే ఉంచుకోవచ్చు. నొక్కితే నేరుగా మీ చాట్ తెరుచుకునే లింకు అందులో ఇస్తారు. తెరుచుకోగానే అవతలివాళ్లు టైప్ చేయకుండానే ఒక వాక్యం సిద్ధంగా ఉండేలా పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో పెట్టే లింకులో ‘ఇన్‌స్టాలో చూశాను, నిప్పట్లు కావాలి’ అని పెట్టండి. ప్యాకెట్ మీద అంటించే క్యూఆర్ కోడ్‌కు ‘ప్యాకెట్ చూశాను, మళ్లీ కావాలి’ అని ఇంకో వాక్యం. మీ వీధిలో ఇంజనీరింగ్ చదివే పిల్లవాణ్ణి అడిగితే ఇలాంటి లింకులు రెండు ఐదు నిమిషాల్లో చేసిస్తాడు. మెసేజ్ రాగానే అది ఎటునుంచి వచ్చిందో మీకు తెలిసిపోతుంది. ఆ వాక్యం చెరిపేసి ‘హాయ్’ అని పంపేవాళ్లూ ఉంటారు, వాళ్లను ఒక్కమాట అడగండి. ఆ యాప్‌లోనే చాట్‌లకు రంగు లేబుళ్లు తగిలించే వీలుంది. ఫోన్లో చూసినవాళ్లకు ఒక రంగు, నోటిమాటగా వచ్చినవాళ్లకు ఒకటి, పాతవాళ్లకు ఒకటి. ఇవే మీ సీసాలు, చింతగింజలు. యాప్ తలనొప్పి అనిపిస్తే నిజంగానే వంటింటి గట్టుమీద రెండు డబ్బాలు పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. అత్తగారికి కూడా అర్థమవుతుంది.

సంక్రాంతి చిక్కు కూడా ఇక్కడే కొంచెం విడుతుంది. డిసెంబరు, జనవరి చాట్లు పైకి జరిపి చూడండి. పండగ ఆర్డర్లలో ఎన్ని నంబర్లు అంతకుముందు మీతో ఎప్పుడూ మాట్లాడనివి? ఆ కొత్త నంబర్లలో సగం మందికి మీకెలా తెలిశామని ఇప్పుడు మెసేజ్ పెట్టినా చెబుతారు, ‘నిప్పట్లు ఎలా ఉన్నాయమ్మా’ అని కలిపి అడిగితే ఇంకా సంతోషంగా చెబుతారు. పోయిన సంక్రాంతికి కూడా అమ్మి ఉంటే ఆ లెక్కతో పోల్చండి. పండగ ఎప్పుడూ పండగతోనే పోల్చాలి. జనవరిని ఫిబ్రవరితో పోలిస్తే ఏ రీలైనా చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం, ఆడికృత్తిక, దసరా కూడా నోటుబుక్కులో గుర్తు పెట్టుకోండి. అంకె ఎందుకు లేచిందో నెలల తర్వాత చూసుకున్నప్పుడు ఆ గుర్తే కాపాడుతుంది.

నోటుబుక్కు అన్నాను కదా, వంద పేజీలది చాలు. ఆదివారం రాత్రి పది నిమిషాలు. ఆ వారం రీల్స్‌కు ఒక్కో వరస. అందులో ఏం చూపించాం, ఎంతమందికి చేరింది, సగటున ఎన్ని సెకన్లు చూశారు, ప్రొఫైల్ తెరిచినవాళ్లు ఎందరు, పంపినవాళ్లు, సేవ్ చేసినవాళ్లు ఎందరు. అన్నిటికన్నా కింద పెద్దక్షరాలతో ఆ వారం ఇన్‌స్టా నుంచి వచ్చిన కొత్త ఆర్డర్లు, తిరిగి వచ్చిన పాత ఆర్డర్లు. రోజూ పదిసార్లు ఇన్‌సైట్స్ తెరవద్దు. పాలు పొయ్యి మీద పెట్టి మూత తీసి చూస్తూ కూర్చున్నట్టు ఉంటుంది అది, పైగా టెన్షన్. రీల్ పెట్టాక కనీసం వారం ఆగాకే ఆ వరసలో అంకెలు నింపండి, కొన్ని రీల్స్ నాలుగైదు రోజుల తర్వాత లేస్తాయి.

ఫాలోయర్ల ఊళ్లు చూపించే స్క్రీన్‌షాట్ కూడా పంపారు. తిరుపతి 31 శాతం, బెంగళూరు 18, హైదరాబాదు 14, చెన్నై 9. ఆ బెంగళూరు 18ని మీరు గమనించినట్టు లేరు. మన జిల్లాల నుంచి పిల్లలు ఉద్యోగాలకు మొదట ఎక్కే బస్సు బెంగళూరుదే. వాళ్లకు నిప్పట్టు అంటే ఇల్లు. పైగా కన్నడంవాళ్లకు కూడా అదే మాట, విడమరిచి చెప్పే పని లేదు. చెన్నైవాళ్లకు తట్టై అని ఒక్క మాట చేర్చితే చాలు. నిప్పట్లు, మురుకులు పది పదిహేను రోజులు నిలుస్తాయి కాబట్టి కొరియర్‌కో ఆర్టీసీ కార్గోకో వేయొచ్చు. మీరు కొరియర్ చేయకూడదనుకుంటే ఆ 18 శాతం మీకు ఎంత పెరిగినా ఒట్టిదే, అప్పుడు ప్రతి రీల్ మీద ‘తిరుపతి టౌన్‌లో మాత్రమే’ అని రాసి ఊళ్లోవాళ్ల శాతం పెరుగుతోందా అని చూడాలి. చేస్తాననుకుంటే ఒక రీల్ బెంగళూరువాళ్లను పేరుపెట్టి పిలుస్తూ తీయండి. ఒకే అంకె, మీ నిర్ణయాన్ని బట్టి లాభమో వృథానో అవుతుంది. ఏ అంకె చూసినా ‘ఇది పెరిగితే నేను వేరేగా ఏం చేస్తాను, తగ్గితే ఏం చేస్తాను?’ అని అడగండి. రెండింటికీ జవాబు ‘ఏమీ చేయను’ అయితే ఆ అంకెను చూడటం మానేయండి. ఫాలోయర్ల సంఖ్య నా దృష్టిలో చాలావరకు ఆ కోవలోదే.

ఫాలోయర్లను కొనిపెడతామని మెసేజ్‌లు వస్తుంటాయి, తెరవకండి. కొనని, చూడని వెయ్యిమంది చేరితే ఫాలోయర్ల అంకె పెరుగుతుంది గానీ ఆర్డర్లు అక్కడే ఉంటాయి.

ఇక మీవారి మాట. ఆయన అన్నది కటువుగా ఉన్నా లెక్క ఉన్న మాటే. 41 రీల్స్, మూడేసి గంటలు, 123 గంటలు. పంతొమ్మిది మంది కిలో చొప్పున కొన్నారనుకుంటే 1,520 రూపాయలు. గంటకు పన్నెండు రూపాయల చిల్లర. ఇది చూస్తే ఆయన వైపే మొగ్గాలనిపిస్తుంది. ఈ లెక్కలో లోపం ఏమిటంటే, ఆ పంతొమ్మిది మందిలో మళ్లీ కొన్నవాళ్లు ఎందరో మీరు రాయలేదు. తొమ్మిది మంది మూడేసిసార్లు, పదిమంది ఒక్కసారి కొని ఉంటే 37 ఆర్డర్లు, 2,960 రూపాయలు. గంటకు ఇరవై నాలుగు. రుచి కుదిరిన ఇంటి సరుకుకు అసలు లాభం రెండో ఆర్డర్ నుంచే మొదలవుతుంది, ఆ లాభానికి మళ్లీ రీల్ తీయనక్కర్లేదు. చాట్లు చూసి నిజమైన సంఖ్య పట్టుకోండి. ఊహ కన్నా తక్కువ రావచ్చు, దానికీ సిద్ధపడండి.

భాగాహారంలో కింద ఉన్న 123 గంటలను తగ్గించడం మీ చేతిలోనే ఉంది. వారానికి రెండే రీల్స్ చాలు. పిండివంట చేసే రోజు ఎలాగూ పొయ్యి దగ్గరే ఉంటారు, ఫోనును డబ్బాకు ఆనించి పెట్టి తీసేయండి. ఎడిటింగ్ గంటకు మించనివ్వకండి. ఇప్పటినుంచి ఉగాది దాకా ఇలా నడపండి. మొదటి ఆదివారమే నోటుబుక్కు మొదటి పేజీలో మీరూ ఆయనా కలిసి ఒక గీత గీసుకోండి. ఉగాది నాటికి ఇన్‌స్టా నుంచి ఇన్ని కొత్త ఆర్డర్లు, ఇన్ని తిరుగు ఆర్డర్లు వస్తే కొనసాగింపు, రాకపోతే రీల్స్ ఆపి ఆ సమయం అపార్ట్‌మెంట్లలో శాంపిల్ ప్యాకెట్లు పంచడానికి. గీత ముందే గీసుకోవాలి. ఫలితం వచ్చాక గీస్తే ఆయన పైన గీస్తారు, మీరు కింద గీస్తారు, ఇంట్లో రగడ. నాకైతే అత్తగారి చేతివేళ్ల మీద నమ్మకముంది గానీ, నా నమ్మకం ఏ డబ్బాలోనూ గింజ కాదు.

టైము సంగతి అడిగారు. మీ ఫాలోయర్లు ఏ గంటల్లో ఎక్కువగా ఉంటారో ఇన్‌సైట్స్‌లోనే చూపిస్తుంది, మీకు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఉంది. మీ రీల్ ఎలాగూ రోజుల తరబడి తిరుగుతుంది కాబట్టి ఆరుకు పెట్టినా తొమ్మిదికి పెట్టినా పెద్ద తేడా ఉండదు. మీకు వీలైన టైమొకటి ఎంచుకుని దాన్ని మార్చకండి, కొలిచేటప్పుడు మనకు తిప్పలు తగ్గుతాయి. అయితే ఆకలి వేళ బాగా పనిచేస్తుందేమోనని నాకొక అనుమానం. సాయంత్రం నాలుగున్నర, టీ పెట్టుకునే వేళ. ముందు పదిహేను సెకన్ల రీల్ లెక్క తేలాక, ఆ తర్వాతి నాలుగు వారాలు దీన్ని పరీక్షించి నాకు రాయండి.